మంజూర్ వచ్చాడు

ఆషాఢ మాసం, శనివారం. ఆ ఉదయం మోహనకృష్ణ అనుకున్న పనులు రెండు. రాయపూర్ పక్క మందిర్ హసౌద్ దగ్గరున్న తన ఎకరన్నర తోటకు వెళ్ళి, చెట్టుకు కట్టిన కెమెరాలోంచి కార్డు తీయడం. తోటలోని పెంకుటి పాకలో తాడు కట్టి ఫొటోలు వేలాడదీయడం. మర్నాడు తెలుగు సమితి ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకోవడానికి తోటకు వస్తున్నారు. ఆయనకు తెలిసిన తెలుగువాళ్ళలో తోట చుట్టూ గోరింట కంచె ఉన్నది ఆయన ఒక్కడికే. గోరింటాకు పేరు చెప్పి ఫొటోలు చూపించాలని ఆయన ఉద్దేశం. మూడేళ్ళలో తీసినవాటిలోంచి ముప్పై తొమ్మిది ఎంచి అచ్చు వేయించాడు. తూనీగలు, కొంగలు, దూడలు, రెండు ఉడుములు, ఒక ముంగిస. ఇంతవరకు వాటిని చూసింది భార్య రాజశ్రీ ఒక్కతే. ఆమె కూడా పదకొండోదాని దగ్గర పొయ్యి మీది పాలు గుర్తొచ్చి లేచిపోయింది.

ఆరు గంటలకు తోట కాపలాదారు పరదేశి ఫోను చేశాడు. పరదేశిది ఛత్తీస్‌గఢీ. మోహనకృష్ణ వాల్తేరు నుంచి బదిలీ మీద రాయపూర్ రైల్వే ఆఫీసు సెలవుల సెక్షన్‌కు వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. ఆయనకు వచ్చింది ఫైళ్ళ హిందీ. రెండు భాషల మధ్య ఉన్న ఖాళీని ఇద్దరూ గట్టిగా అరిచి పూడ్చుకుంటారు.

"మంజూర్ ఆయే రిహిస్ సాబ్. ఛానీ మా బైఠ్ కే రోవత్ రిహిస్."

మంజూర్ అనే మనిషి వచ్చాడు, కప్పు మీద కూర్చుని ఏడ్చాడు. మోహనకృష్ణకు అర్థమైంది అది.

"కౌన్ మంజూర్?"

"ఇహే గావ్ కే ఆయ్ సాబ్. పోర్ సాల్ కుకుర్ మార్ డారిస్ కహత్ రహేన్. ఫేర్ ఆగే."

ఈ ఊరివాడే. పోయినేడు కుక్కలు చంపేశాయన్నారు. మళ్ళీ వచ్చాడు. మోహనకృష్ణ ఒక్కో ముక్కనూ రెండేసిసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. అంతలో ఫోనులోంచి ఒక కేక వినిపించింది. దూరంగా వెళ్ళిపోతున్నవాణ్ణి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. చివర సాగింది.

"వో కౌన్ హై?"

"మంజూరేచ్ తో ఆయ్ సాబ్," అన్నాడు పరదేశి. మంజూరే కదా, ఎన్నిసార్లు చెప్పాలన్నట్టుగా ఉంది గొంతు.

మోహనకృష్ణ తోటకు వెళ్ళలేదు, మధ్యాహ్నానికి పరదేశి ఎవరితోనో కార్డు ఇంటికి పంపించాడు. ఫొటోలో ముసురు పట్టిన తెల్లవారుజాము, టైము అయిదూ నలభై రెండు. కెమెరాకు ఆనుకుని ఏదో నడిచి వెళ్ళింది. సగం ఫొటో నిండా నల్లటి గుడ్డలాంటిది, అంచు నేల మీద ఈడుస్తోంది. కాళ్ళు కనిపించడం లేదు.

"ఏటండీ ఇది? చీర కట్టుకున్నాడేటి?" అంది రాజశ్రీ.

"చీర కాదు. మీద కప్పిన దుప్పటేమో."

"తల ఏదీ?"

"కెమెరా కిందికి కట్టేను. తల పడలేదు."

"ఉందంటారా మరి?"

మోహనకృష్ణ ఫొటోను పెద్దది చేసి పై అంచు వెతికాడు. ఆమే అంది, "ఆకలితో పోయినోడేమో పాపం. ఏదైనా వండి పెడితే ఊరుకుంటాడు. ఏం తింటాడో అడగండి."

ఆయన పరదేశికి ఫోను చేసి అడిగాడు. జవాబు విని ఫోను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఏటంట?"

"పాములట."

రాజశ్రీ ఈ సంగతి ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరు సమితి అధ్యక్షుడు అచ్చయ్య భార్య ఆండాళమ్మ. నాలుగు గంటలకు భన్‌పురి నుంచి అచ్చయ్య ఫోను చేశాడు.

"ఎవరూ రామంటున్నారు సార్. పిల్లలున్న ఇళ్ళు కదా. మోవా బజార్లో మెహందీ కోన్లు కొనుక్కుంటారట."

"మరి నా ఫొటోలు?"

"ఏం ఫొటోలు?"

"రేపు పొద్దున్న మాట్లాడి ఏదో ఒకటి తేలుస్తాను."

"ఎవరితో మాట్లాడతారు?"

"మంజూర్‌తో."

ఆదివారం ఆయన చీకటి ఉండగానే తోటకు బయల్దేరాడు. ఒక్కతే ఇంట్లో ఉండటం కంటే నయమని రాజశ్రీ కూడా వెంట వచ్చింది. తుంపర పడుతోంది. గోరింట కంచె అవతల పొలాలు లేవు, పొగమంచు ఉంది. పాక చూరు నుంచి నీళ్ళు ఒక్కో బొట్టే రాలుతున్నాయి. కప్పలు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

పైన ఒక పెంకు కదిలింది. తరువాత ఆ కేక. ఫోనులో విన్నదే, కాని ఇప్పుడు నెత్తి మీద. రాజశ్రీ మొగుడి చొక్కా పట్టుకుంది. బరువైనదేదో పాక వెనక్కి దూకిన చప్పుడైంది. తడి ఆకుల మీద గుడ్డ ఈడుస్తున్న శబ్దం గోడ వెంబడే మూల వైపు వచ్చింది. మోహనకృష్ణ చేతులు జోడించాడు. మెడలో కెమెరా ఉన్న సంగతి గుర్తు లేదు.

పరదేశి బీడీ నోట్లోంచి తీసి, దానితోనే చూపించాడు. "ఏదే మంజూర్." ఇదిగో మంజూర్.

మూల తిరిగి వచ్చింది నెమలి. ముగ్గురినీ చూసింది, తోక ఈడ్చుకుంటూ కెమెరా కట్టిన చెట్టు వైపు వెళ్ళిపోయింది. ఛత్తీస్‌గఢీలో నెమలిని మంజూర్ అంటారని అక్కడే, ఆ తుంపరలోనే తెలిసింది.

రాజశ్రీ చొక్కా వదిలింది. "అయితే సర్వీసంతా సెలవు చీటీల మీద నెమలి, నెమలి అని రాసి సంతకాలు పెట్టేరన్నమాట."

ఏడు గంటలకు మోహనకృష్ణ అచ్చయ్యకు ఫోను చేశాడు. "భయం లేదండీ. అది నెమలి."

అచ్చయ్య గొంతు తగ్గించాడు.

"సార్, ఆ మాట ఇంకెవరితోనూ అనకండి. నిన్న రామన్నవాళ్ళు రాత్రికల్లా మనసు మార్చుకున్నారు. పట్టపగలు, పదిమందిలో ఉంటే ఏమవుతుందిలే, చూద్దామంటున్నారు. చుట్టాల్ని కూడా పట్టుకొస్తున్నారు. ఒక బస్సు అనుకున్నది రెండు చేశాను. నెమలంటే జూకి పోతాం అంటారు."

"నేను అబద్ధం చెప్పలేను."

"చెప్పొద్దు సార్. ఊరికే ఉండండి చాలు. ఆ ఫొటో ఒకటి నా ఫోనుకు పెట్టండి, మా పక్క షాపువాడితో ఫ్లెక్సు కొట్టిస్తా."

పదింటికి రెండు బస్సుల జనం దిగారు. ఆరడుగుల ఫ్లెక్సు పాక ద్వారం పక్కన నిలబెట్టారు. అందరూ దాని ముందే చేరారు. లోపల, పొద్దున్నే కట్టిన తాడు మీద ముప్పై తొమ్మిది ఫొటోలు గాలికి ఊగుతున్నాయి. అటు ఎవరూ రాలేదు. మోహనకృష్ణ ముంగిస పక్కన అరగంట నిలబడ్డాడు, ఇక ఉండలేక బయటికి వచ్చాడు.

"అమ్మా, అది నెమలి. నిన్న తెల్లారి నా కెమెరాలో పడింది. లోపల ఇంకా మంచివి ఉన్నాయి, వచ్చి చూడండి."

ఆండాళమ్మ పక్కవాళ్ళ వైపు తిరిగింది. "చూసిన్రా, మనం దడుచుకుంటమని ఎంత కమ్మగ చెప్తున్నరో. లోపలికి ఎవ్వరూ పోకున్రి."

పన్నెండయ్యేసరికి ఆకు రుబ్బడం అయింది. ఆడవాళ్ళందరి చేతుల నిండా గోరింటాకు ముద్ద. పులిహోర విస్తళ్ళు పరిచారు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది, తోట చీకటి పడింది, గాలి ఆగింది. ఫ్లెక్సుకు సరిగ్గా పైన, కప్పు మీద నుంచి, ఆ కేక వచ్చింది.

తరువాత నాలుగు నిమిషాలు ఎవరు ఎటు పరిగెత్తారో చెప్పడం కష్టం. బస్సులు మాత్రం సగం తలుపులు వేసుకోకుండానే కదిలాయి. రాజశ్రీని కూడా జనం తోసుకుంటూ బస్సు ఎక్కించేశారు. ముద్ద అంటి రాలిన చోటల్లా ఎర్రటి అరచేతి ముద్రలు తేలడం మొదలైంది. ద్వారబంధం మీద, గోడ మీద, ఫ్లెక్సు మీద, పరదేశి బనీను మీద.

ముసురు మళ్ళీ పట్టింది. మోహనకృష్ణ గట్టు మీద కూర్చున్నాడు. నెమలి కప్పు దిగింది, పులిహోర తింది, పాకలోకి వెళ్ళింది. మెరిసే కాగితాల్లో ఏం కనిపించిందో, ఒక్కోదాని ముందు ఆగి తల పక్కకు వంచుతూ తాడు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

ముప్పై తొమ్మిది ఫొటోలనూ వరసగా, ఒక్కటీ వదలకుండా చూసినవాడు మంజూర్ ఒక్కడే.