ఎవరూ పెట్టుకోని పేరు

ఆదివారం పొద్దున సదానందం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఫ్లెక్సీ తేవాలి, వాకిట్లో కట్టాలి, మనవరాలి తొట్టెల పండుగలో పేరు తానే మైకులో పిలవాలి. కూతురు మౌనిక "బాపు ఇష్టం" అంది. భార్య జమునకు మాత్రం ఆ పేరేమిటో ఆయన చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంత జాగ్రత్తకు కారణముంది. కూతురు పుట్టిన రోజుల్లో గోదావరిఖని అంతా మౌనిక పేరే నడిచింది. వాళ్ళ క్వార్టర్ల లైనులోనే ఐదుగురు. జమున "ఓ మౌనిక బాపూ!" అని కేకేస్తే ఐదుగురు మొగవాళ్ళు బయటికొచ్చేవారు. బడిలో తనకొచ్చిన పాటల బహుమతిని స్టేజీ మీద ఇంకో మౌనిక అందుకుంటే, పిల్ల ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు సదానందం ఇప్పటికీ మరిచిపోలేదు. పిలిస్తే మనవరాలొక్కతే తిరగాలని, గనిలో బొగ్గుతో పాటు బుర్ర కూడా తవ్వుకుని "నైవిక" అనే పేరు పట్టాడు.

షాపులో మూడు ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. మూడింటి మీదా నైవికే. పాపలు మాత్రం వేరు.

"ఏందిరా గిది?" అన్నాడు సదానందం.

"నీ డిజైను సాంపిలుకు పెట్టిన కాకా. చూసినోళ్ళు గిదే కావాలన్నరు. పేరు గూడ మంచిగున్నదని పెట్టుకున్నరు," అన్నాడు షాపు ఎల్లేశం.

"ఎవ్వలకు చెప్పద్దన్న గద!"

"చెప్పలే కాకా. చూపెట్టిన."

బండి మీద ఆయన్ని తీసుకొచ్చిన తోటి కార్మికుడు అస్గర్ ధైర్యం చెప్పాడు. "ఫికర్ చెయ్యకు భాయ్. ఎనుక శ్రీ తగిలియ్యి."

ఎల్లేశం తగిలించాడు. అంతలో మిగతా రెండు ఫ్లెక్సీల వాళ్ళూ వచ్చి కంప్యూటర్లోకి తొంగిచూశారు. "సదానందమన్న మంచిగ సోచాయించిండు. మాకు గూడ శ్రీ పెట్టు," అన్నారు.

"మీ పిల్లలకు మీరే ఎతుక్కోరాదుండ్రి!"

"నువ్వు పెద్దమనిషివన్నా. నువ్వు పెడితె మేం పెట్టినట్టే," అన్నారు వాళ్ళు వినయంగా.

ఇంతలో జమున ఫోను. "చుట్టాలు బువ్వకు కూసున్నరు. పేరు తెస్తవా, నేనే పెట్టాల్నా?"

సదానందం ఫోను పెట్టేసి అస్గర్ వైపు చూశాడు. అస్గర్ మళ్ళీ అందుకున్నాడు. "కొత్తది ఏది పెట్టినా గీళ్ళు ఎత్తుకపోతరు. నీ మౌనిక, మా బిడ్డ జూహీ పుట్టినప్పుడు నడిచిన పాత పేరేదన్న పెట్టు. జల్ది!"

"స్రవంతి?" అన్నాడు సదానందం.

మిగతా ఇద్దరూ ముఖాలు ముడిచారు. "ఇన్నేండ్లల్ల గా పేరు మీద ఒక్క తొట్టెల ఫ్లెక్సీ గూడ కొట్టలే," అన్నాడు ఎల్లేశం. సదానందానికి ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి రాగానే కొత్త ఫ్లెక్సీ చుట్ట విప్పకుండానే మైకు అందుకున్నాడు. మౌనిక ఆశగా ఆయన ముఖంలోకి చూసింది. ఆమె పోగొట్టుకున్న బహుమతిని ఇప్పుడు తెచ్చిస్తున్నంత సంబరంగా పిలిచాడు.

"స్రవంతీ!"

పప్పు వడ్డిస్తున్న మౌనిక బడి దోస్తు గరిటె ఆపి "ఏంది కాకా?" అంది. కాసిపేట నుంచి వచ్చిన అల్లుడి చెల్లె "పిలిచినవా మామా?" అంటూ లేచింది. బసంత్‌నగర్ నుంచి వచ్చిన వియ్యపురాలి అక్క కూతురు చేయి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళందరినీ "బిడ్డా" అని పిలవడమే తప్ప, సదానందం పేర్లు అడిగిన పాపాన పోలేదు.

మౌనిక మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఈసారి నవ్వు ఆపుకోలేక.

పిలిస్తే తిరగనిది తొట్టెలలోని స్రవంతి ఒక్కతే. నిద్రపోతోంది.