నోరు మూసుకుని చూసే బ్యాడ్జీ

మనిషికి నోరుండటమే అసలైన ప్రజారోగ్య సమస్య అని నా నిశ్చితాభిప్రాయం. దోమకు మందుంది, కలరాకు టీకా ఉంది. మాట్లాడాలన్న దురదకు మాత్రం ఇన్నాళ్లూ ఏ వైద్యుడూ విరుగుడు కనిపెట్టలేకపోయాడు. ఆ ఘనకార్యం అంతర్జాతీయ ఆరోగ్య సదస్సులవాళ్లు సాధించారు. దాని పేరు అబ్జర్వర్ బ్యాడ్జీ!

తెలియనివారి కోసం చెబుతాను. దేశదేశాల ప్రతినిధులు కూర్చుని జనం ఆరోగ్యం గురించి చర్చించుకునే చోటికి, ప్రభుత్వాలతో సంబంధం లేని స్వచ్ఛంద సంఘాలను కూడా రానిస్తారు. ఊరికే కాదు లెండి. దరఖాస్తు పెట్టాలి, ఆశయాలు రాయాలి, అక్రిడిటేషన్ సంపాదించాలి. అది దక్కితే మెడలో బ్యాడ్జీ, వెనక వరుసలో కుర్చీ. చూడొచ్చు, వినొచ్చు. మాట్లాడాలంటే ముందే రాసిచ్చి, దేశాలన్నీ మాట్లాడటం అయ్యాక టైము మిగిలితే ఒక్క నిమిషం. టైము ఎక్కడైనా మిగిలిందా?

ఎంత చక్కటి ఏర్పాటో ఆలోచించండి. గేటు బయట ఉంటే అదే మనిషి ప్లకార్డు పట్టుకుని అరుస్తాడు, పోలీసులకు పని. లోపల కూర్చోబెట్టి ఓ సంచీ, ఓ పెన్ను, రెండుపూటలా బిస్కెట్లు ఇస్తే? బీపీ తగ్గి ఇంటికెళతాడు. ఇది ఆరోగ్యం కాక మరేమిటి?

అనుభవంతోనే చెబుతున్నాను. కంచరపాలెంలో మా మేడమీద గదిలో ‘అఖిల తీరాంధ్ర ఆరోగ్య వీక్షక సమాఖ్య’ నడుపుతున్నాను. అధ్యక్షుణ్ణీ, కార్యదర్శినీ, సభ్యుణ్ణీ నేనే. కోరం సమస్య ఇంతవరకు రాలేదు. ఎన్నో సదస్సులు చూశాను. ఒక్కదానిలోనూ నోరు తెరవలేదు. నా పళ్లు ఇప్పటికీ గట్టిగా ఉండటానికి అదే కారణమని మా ఆవిడ రోజారమణి అంటుంది. మా ఇంట్లో కూడా ఇదే పద్ధతి. ఆవిడ సభ్యదేశం, నేను అబ్జర్వర్. ఏం కూర వండాలన్న చర్చలో నాకు ఓటు లేదు గానీ, వంట చివరిదాకా చూసే హక్కుంది.

నిజానికి దేశమంతా ఈ దారిలోనే నడుస్తోంది, మనమే గుర్తించడం లేదు. అపార్ట్‌మెంటు మీటింగులో అద్దెకున్నవాడు అబ్జర్వర్ కాడా? ఓటరు ఒక్కరోజు సభ్యదేశం, మిగతా అయిదేళ్లూ వెనక వరుసే! ఇక డాక్టరుగారి గదిలో పేషెంటు సంగతి చెప్పాలా? నొప్పి ఎక్కడో చెప్పేలోపే మందుల చీటీ చేతిలో పడుతుంది. కాకపోతే వీళ్లెవరికీ బ్యాడ్జీ లేదు. అదొక్కటే లోటు.

ఆ లోటు కొంతైనా పూడ్చుదామనే గంగాలమ్మ సంఘానికి సాయం చేశాను.

గంగాలమ్మది యారాడ కొండకు అవతల ఓ చిన్న మత్స్యకార పల్లె. చేపలమ్మే ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆవిడ పెద్ద. మా వీధిలోకి చేపలు తెస్తుంది. బీచ్ రోడ్డులోని పెద్ద హోటల్లో తీరదేశాల ఆరోగ్య సదస్సు జరగబోతోందని, అందులో తల్లీబిడ్డల క్షేమం కూడా చర్చిస్తారని నేనే నోరు జారాను. బుట్ట దించి అక్కడే కూర్చుండిపోయింది.

“బాబూ, నన్నోపాలి ఆ మీటింగుకి అంపు. మా కోడలు దేవికి నెల్లు నిండుతన్నాయి. పోయినేడు కొండమీదే ఆటోలో కనేసినాది. ఈపాలైనా మా ఊరికి నర్సమ్మని పంపమని అడిగేసి వచ్చెత్తాను.”

పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. రంగులు కూడా ఉన్నాయి. నర్సు బదిలీ అయ్యాక తాళం పడింది. మళ్లీ ఎవరూ రాలేదు.

అక్రిడిటేషన్‌కు ఒక చిక్కొచ్చింది. సంఘానికి ఒకటికన్నా ఎక్కువ దేశాల్లో కార్యకలాపాలుండాలట! సబ్బవరం సంతకు మించి ఎరగని సంఘానికి విదేశాలెక్కడివి? అదే మాట గంగాలమ్మతో అన్నాను.

“ఎందుకు నేవు బాబూ? మాయాయన సూరన్న బోటు ఇంజిను సెడిపోయి బంగ్లాదేశు నీల్లల్లోకి కొట్టుకుపోతే, ఆల్లు అట్టుకుని జైల్లో ఎట్టినారు గదా. మా ఊరోల్లు ఇంకా శానామంది ఎల్లొచ్చినారు.”

వెంటనే రాశాను: ‘సభ్యుల కుటుంబాలు పొరుగు తీరదేశంలో, అక్కడి ప్రభుత్వ వసతితో, దీర్ఘకాలిక నివాస కార్యక్రమాలు నిర్వహించాయి.’ అక్రిడిటేషన్ చకచకా వచ్చేసింది. అభినందనలు కూడా తెలిపారు!

సదస్సు రోజు ఉతికిన చీర కట్టుకుని, బ్యాడ్జీ మెడలో వేసుకుని నా పక్కన కూర్చుంది గంగాలమ్మ. అధ్యక్ష స్థానంలో ఏదో ద్వీపదేశపు పెద్దమనిషి. ఒక్కో అంశం చదవడం, చుట్టూ చూడటం, చెక్కసుత్తితో బల్లమీద టక్కున కొట్టడం.

“ఏటంతన్నాడు బాబూ ఆయన?” అంది నెమ్మదిగా.

“ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతున్నాడు.”

“ఎవులూ మాటాడకపోతే?”

“అందరూ ఒప్పుకున్నట్టే. సుత్తి కొడతాడు.”

“ఓస్, మా సేపల పాటే గదా!” అంది. ఆవిడ ముఖం వికసించింది.

రేవులో చేపల వేలాన్ని పాట అంటారు. పాటగాడు ధర అంటాడు. మూడోసారి అనేలోపు నోరు తెరవాలి. తెరవకపోతే ఒప్పుకున్నట్టే, సరుకు పక్కదాని బుట్టలోకి పోతుంది. చిన్నప్పటినుంచి ఆ పాటలో పెరిగిన మనిషికి నేను చెప్పాల్సిన ముక్క ఒకటుంది. ఆ ప్రశ్న దేశాలకే గానీ వెనక వరుసకు కాదని. చెప్పలేదు. ఇంత తెలిసిన విషయం ఎవరైనా చెబుతారా?

మధ్యాహ్నం తల్లీబిడ్డల అంశం వచ్చింది. తెరమీద ఓ బొమ్మ వేశారు. కొబ్బరిచెట్టు, సముద్రం, రంగులేసిన చిన్న భవనం, గుమ్మానికి రిబ్బను. ‘ఆదర్శ తీరగ్రామం: ప్రతి ప్రసవం నర్సు చేతుల్లో’ అని ఇంగ్లీషులో రాసుంది. అది గంగాలమ్మ ఊరే! ప్రారంభోత్సవం నాటి ఫొటో. ఈ నివేదికను ఆమోదిద్దామా అని అధ్యక్షుడు చుట్టూ చూశాడు. సుత్తి లేచింది.

“ఆగు బాబూ! నానొప్పుకోను!”

హాలంతా వెనక్కి తిరిగింది. గంగాలమ్మ లేచి నిలబడింది. అలల హోరులో ధర అరిచే గొంతు, ఇక మైకెందుకు?

“ఆ తలుపుకి తాలమేసున్నాది. నర్సమ్మ ఎల్లిపోయి శానా కాలమైపోనాది. మా దేవి కొండమీద ఆటోలో కన్నాది. ఆడపిల్ల. పిల్ల ఏడవనేదు బాబూ. ఎంత తట్టినా ఏడవనేదు. నా ఒళ్లోనే సల్లబడిపోనాది. ఇప్పుడు దేవికి మల్లీ నెల్లు నిండినాయి. ఒప్పుకోకండి బాబూ, సుత్తి కొట్టకండి.”

ప్రతినిధులందరూ గబగబా చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు. అనువాదానికి అద్దాల గదులు వరసగా ఉన్నాయి. ఫ్రెంచి ఉంది, అరబ్బీ ఉంది, చైనీసు ఉంది. విశాఖపట్నంలో జరిగే సదస్సుకు తెలుగెందుకని ఎవరికీ తోచలేదు. ఇయర్‌ఫోన్లలో ఏమీ రాలేదు. మాట అర్థమైన మన అధికారులు నలుగురైదుగురు ముందు వరుసలోనే ఉన్నారు. వాళ్లు కాగితాలు సర్దుకుంటున్నారు.

అధ్యక్షుడు చేతులు జోడించి చిరునవ్వు నవ్వాడు. స్థానిక మహిళ ఇంత ఆప్యాయంగా పలికిన సంప్రదాయ స్వాగతానికి ధన్యవాదాలన్నాడు. హాలు మార్మోగేలా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే సుత్తి దిగింది.

మర్నాడు కార్యక్రమ నివేదికలో వచ్చింది: ‘స్థానిక పౌరసమాజం ఈ అంశాన్ని ఉద్వేగంగా స్వాగతించింది.’ చూశారా, అబ్జర్వర్ మాట వృథా పోదు!

సదస్సు రోజు హాల్లోంచి బయటికొచ్చాక గంగాలమ్మ బ్యాడ్జీ తీసి నా చేతిలో పెట్టింది. కోపం లేదు. అందుకే నాకు బాధేసింది. బీచ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఆవిడ హోటలు వైపు తిరిగి చూసింది.

“ఆల్లని ఓపాలి మా ఊరు రమ్మనకూడదా బాబూ?”

ఇంత మంచి సంప్రదాయం ఒకవైపే ఎందుకుండాలి? వాళ్ల సమావేశానికి మనం అబ్జర్వర్లుగా వెళ్లినప్పుడు, మన ఊరికి వాళ్లు రావద్దూ! ఈ విప్లవాత్మకమైన ఆలోచనతో, ముందుగా నేనే ఆదర్శంగా నిలుద్దామని నిశ్చయించుకున్నాను. నా సమాఖ్య తరఫున ఆ పల్లె సంఘానికి అక్కడికక్కడే దరఖాస్తు చేశాను. దేవి పురుడయ్యేదాకా నన్ను గుర్తింపు పొందిన పరిశీలకుడిగా ఉండనివ్వాలని కోరాను. నా అనుభవం వివరించాను. ఒక్క మాట మాట్లాడననీ, ఏ విషయంలోనూ జోక్యం చేసుకోననీ హామీ ఇచ్చాను.

గంగాలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“నీకు పురుడు పొయ్యడం వొచ్చునా?”

“రాదు.”

“సూదెయ్యడం?”

“రాదు.”

“పోనీ, ఆటో తోలతావా?”

నాకు ఏ అంతర్జాతీయ సంస్థా ఇంతవరకు అక్రిడిటేషన్ నిరాకరించలేదు. గంగాలమ్మ నిరాకరించింది. బస్సు రావడం చూసి, సదస్సులో ఇచ్చిన సంచీ భుజాన వేసుకుంటూ కారణం కూడా చెప్పింది.

“సూసేవోల్లు మాకు శానామంది ఉన్నారు బాబూ. పోయినేడు ఆటో సుట్టూ ఊరంతా నిలబడి సూసినారు.”