రాజ్యలక్ష్మి మునక దరఖాస్తు

తుపానులో మునిగిపోయిన పదకొండో రోజున, రాజ్యలక్ష్మి అనే తెరచాప ఓడ తన మునక సంగతి చెప్పుకోవడానికి తెడ్లపాలెం రేవు ఆఫీసుకు స్వయంగా వచ్చింది. గుమ్మంలో పట్టదు కాబట్టి ముక్కు మాత్రం వరండాలో పెట్టి, మిగతా ఒళ్ళంతా వీధిలో ఉంచుకుంది. ఉప్పు బళ్ళవాళ్ళు తమ వంతే ముందని గొణిగితే, వాళ్ళ పని అయ్యేదాకా ఆగింది కూడా.

ఓడ వెనకాలే మరిడమ్మ వచ్చింది. ఆవిడ భర్త పోతురాజు ఆ ఓడకి సారంగు, అంటే పద్దెనిమిది మంది కళాసీలకి పెద్ద. శవం దొరకని వాడికి ఆ రేవులో పాత మోకులతో బొమ్మ చేసి, పేరు పెట్టి పిలిచి దహనం చేస్తారు. మోకులు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఓడ మునిగిందని ఆఫీసు కాగితం రానిదే నిప్పు పెట్టకూడదని కులపెద్దల కట్టడి. వెనక ఒకసారి తొందరపడి బొమ్మని తగలేశాక ఆ మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. దహనమైపోయినవాడు బతికున్నాడని ఎవరూ ఒప్పుకోలేదు. పాపం, అతను చివరిదాకా ఊరి బయటే ఉన్నాడు. అందుకని మరిడమ్మ పదకొండు రోజులుగా బొట్టు ఉంచుకోవాలో చెరుపుకోవాలో తెలియక నలిగిపోతోంది.

గుమాస్తా కోదండం పంతులు ఓడ చరిత్ర రాసుకున్నాడు. పుట్టింది ఈ రేవులోనే, గోదావరి మీద తేలివచ్చిన టేకుతో. వయసు ముప్పై నాలుగేళ్ళు. రంగూనుకి పొగాకు, బట్టలు మోసింది, తిరుగుదారిలో బియ్యం. కరువు ఏడాది మనుషుల్ని మోసింది గానీ వాళ్ళని సామాను కిందే రాశారు. పొగ ఓడలు వచ్చాక దానికి ఉప్పు మిగిలింది. నీళ్ళు కారకుండా పలకల సందుల్లో నార కుక్కించడం ఓడ సొంతదారు షావుకారు అప్పట్నించే మానేశాడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు.

"ఎక్కడ మునిగావు?" అన్నాడు పంతులు.

"ఏటిమొగకి తూర్పున, పన్నెండు బారల లోతులో."

"ఇప్పుడెక్కడున్నావు?"

"మీ వరండాలో."

పంతులు కలం కింద పెట్టాడు. కంటికెదురుగా ఉన్న ఓడని మునిగిందని రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. పోనీ అసలు రేవుకే రాకుండా ఉండిపోతే అది ఆలస్యమైన ఓడ అవుతుంది. దానికి వేరే పుస్తకం. మునక పుస్తకంలోకి ఎక్కాలంటే సారంగు వచ్చి నిశానీ పెట్టాలి.

"ఆరెక్కణ్ణించొత్తారు బాబూ? ఆరే పోయారు గదండీ!" అంది మరిడమ్మ.

"ఓడ మునగందే సారంగెలా పోతాడమ్మీ?" అన్నాడు పంతులు, ఓదార్పుగానే. ఆయన చెడ్డవాడు కాడు. ఆవిడకి మంచినీళ్ళు కూడా ఇప్పించాడు.

మరిడమ్మ వరండాలో ఓడ ముక్కు పక్కన కూలబడింది. "మా ఆరు ఆకర్ని ఏవన్నారమ్మా?" అని అడిగింది.

"అందర్నీ చిన్న పడవలోకి దింపాడు," అంది ఓడ. " అది తిరగబడింది. అందులో నువ్వూ పోవయ్యా అని ముందే అన్నాను. 'నిన్నొదిలేసి రేవులో ఏం మొకం పెట్టుకుని తిరగనే' అన్నాడు. చుక్కాని వదల్లేదు తల్లీ."

మరిడమ్మ తడి పలకకి తల ఆనించి భోరుమంది. ఏడవడానికి అప్పటికింకా కాగితం అక్కర్లేదు.

మూడో వారంలో, పంతులు రాసిన ఉత్తరానికి పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఓడ పత్రాలన్నీ సక్రమంగా ఉన్నందున అది ప్రయాణానికి యోగ్యమైనదే. సోమవారం ఉప్పు ఎక్కించుకుని బయలుదేరవలెను. బస్తాలు ఎక్కించారు. లోపలి నీళ్ళలో ఉప్పు ఎక్కించింది ఎక్కించినట్టే కరిగిపోయింది. పంతులు ఎక్కినట్టే రాసుకున్నాడు.

లంగరెత్తే ముందు హాజరు పిలవడం రివాజు. గట్టు మీద పందొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళు నిలబడ్డారు. పలకనివాణ్ణి ఓడ వదిలి పారిపోయినవాడిగా రాసి, పేరు రేవు గోడకి కొడతారు. ఆ సంగతి పంతులే వాళ్ళకి ముందుగా చెప్పాడు. తన చేతుల్లో ఏమీ లేదనీ చెప్పాడు.

"పెమ్మాడి పోతురాజు, సారంగు!"

 అతని బదులు తను పలికితే మోకులకి ఇక ఎప్పటికీ నిప్పు పెట్టలేనని మరిడమ్మకి తెలుసు. పలక్కపోతే, ప్రాణం పోయినా చుక్కాని వదలని మనిషి పేరు పిరికివాళ్ళ వరసలో ఎండకి ఎండుతుంది. పంతులు కలం సిరాలో ముంచి, రెండోసారి పిలిచాడు.

"ఉన్నారండి," అంది మరిడమ్మ.

మిగతా పద్దెనిమిది పేర్లకీ మిగతా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అలాగే పలికారు. పంతులు అందరూ హాజరని రాసి, ఇసక జల్లి సిరా ఆరబెట్టాడు. ఓడ వచ్చిన లోతుకే తిరిగి దిగిపోయింది.

గట్టు దిగుతుంటే చేపల బుట్టతో ఎదురొచ్చిన ఒకావిడ, సారంగుగారు మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది. గాలి బాగుంటే నాలుగు నెలలు పడుతుందని మరిడమ్మ చెప్పింది.