నికెల్ గని యజమాని

నికెల్ గని విషయంలో ఫిన్లాండ్ ఎవరికీ తలవంచదనీ, అలాగని ఎవరికీ ఎదురు చెప్పదనీ మా అధికారి లిండ్‌రూస్ గారు పత్రికల వారికి ప్రకటించారు. అది 1940 అక్టోబరు. హెల్సింకీలో ఆయన ఆఫీసులో టైపిస్టుని నేను. ఆ ఒక్క వాక్యాన్నీ నా చేత తొమ్మిదిసార్లు టైపు చేయించారు. మాట విషయంలో అంత నిష్ఠ ఆయనది.

ఉత్తరాన ఉన్న ఆ గని కౌలు ఒక ఇంగ్లీషు కంపెనీది. అందులో ఖనిజం జర్మన్లకు కావాలి. అసలు కౌలే తమకు కావాలని రష్యన్లు పట్టుబట్టారు. ముగ్గురు ప్రతినిధులూ ఒకరికొకరు ఎదురుపడకుండా లిండ్‌రూస్ గారు తలా ఒక రోజు కేటాయించారు.

ఇంగ్లీషాయనతో, "గని మీదేనండీ. కాగితం ఉంది కదా!" అనేవారు.

జర్మన్‌తో, "కాగితాలదేముందండీ? ఖనిజం ఎటు పోతే గని అటే" అనేవారు.

రష్యన్‌తో, "మీరు అడిగాక కాదంటామా? కాస్త ఆలోచించుకోనివ్వండి" అనేవారు.

అసలు కాఫీ గింజలు దొరకని రోజులు కాబట్టి, ముగ్గురూ రై అనే ధాన్యాన్ని మాడ్చి కాచిన కాఫీ తాగి సంతోషంగా వెళ్లేవారు.

ఎవరి వంతూ కాని ఒక రోజున గని మేస్త్రీ ఎల్యాస్ వచ్చాడు.

"అట్టడుగు సొరంగంలో నీళ్లు ఊరుతున్నాయండీ. పెద్ద పంపు కావాలి."

"యజమాని సంతకం పెట్టాలయ్యా."

"యజమాని ఎవరండీ?"

లిండ్‌రూస్ గారు లేచి తలుపు వేశారు. "ఆ ప్రశ్న తేలనివ్వకుండానే ఇన్నాళ్లూ దేశాన్ని కాపాడుకొస్తున్నాను. నీ పంపు కోసం తేల్చేయమంటావా?"

"కింద మావాళ్లు పనిచేస్తున్నారండీ."

"దేశం కోసం కాస్త ఓర్చుకోమను."

మూడు వారాలకు సొరంగంలోకి నీళ్లు విరుచుకుపడి నలుగురు పోయారు. వాళ్లలో ఎల్యాస్ తమ్ముడొకడు. ఎల్యాస్ మళ్లీ వచ్చాడు. ఈసారి టోపీ తీయలేదు. ప్రమాదానికి బాధ్యత తనదేనని యజమాని సంతకం చేయాల్సిన కాగితాన్ని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు.

లిండ్‌రూస్ గారు దాని నకళ్లు ముగ్గురికీ పంపారు. ఏ ఉత్తరానికైనా నెల తీసుకునే ఆ పెద్దమనుషులు మర్నాడు మధ్యాహ్నానికల్లా జవాబిచ్చారు. సదరు గనితో తమకు ఎలాంటి సంబంధమూ లేదని ముగ్గురూ రాశారు. ముగ్గురూ సంతాపం కూడా తెలిపారు.

లిండ్‌రూస్ గారి కళ్లు చెమర్చాయి. "చూశావా అమ్మా! మొదటిసారి ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చారు. పత్రికలకు రాయి, ఏకాభిప్రాయం కుదిరిందని."

నేను కాగితం ఎక్కించాను. మర్నాడూ వచ్చి అదే కుర్చీలో కూర్చున్న ఎల్యాస్ మూడు ఉత్తరాలనూ మెల్లగా చదివి, మడిచి, తిరిగిచ్చాడు.

"అయితే గని ఇప్పుడు మాదేనా అండీ?"

లిండ్‌రూస్ గారి మొహం పాలిపోయింది.

"ఆ మాట పైకి అనకయ్యా," అన్నారు గొంతు తగ్గించి. "వింటే ముగ్గురూ సాయంత్రానికల్లా ఇక్కడుంటారు."