ఫ్రిజ్ తలుపుకి కుళాయి

ఆ శనివారం పొద్దున సెట్టింగ్ బాబాయ్ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. పదింటికి సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్ వస్తుంది. పదకొండుకి దాని తలుపుకి చిల్లు. పన్నెండుకి ఆ చిల్లులో కుళాయి. సాయంత్రానికల్లా కుళాయి లాగితే గ్లాసులోకి చల్లటి డ్రాఫ్ట్ బీరు. ఆదివారం భోజనానికి ముందు మొదటి గ్లాసు బావగారి చేతిలో. అంతే. ఇందులో తేడా రావడానికి ఏముంది చెప్పండి?

బాబాయ్ ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్‌మ్యాన్. ఎవరింట్లో ఏది పాడైనా "ఉండండి, సెట్టింగ్ చేసేద్దాం" అంటూ స్క్రూడ్రైవర్ తీస్తాడు కాబట్టి ఆ పేరు పడిపోయింది. పై వాటాలో ఆయన అక్కగారు, బావగారు ఉంటారు. బావగారు ముప్పై రెండేళ్లు బాయిలర్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. మనిషి రిటైరయ్యాడు గానీ ఇన్‌స్పెక్షన్ రిటైరవ్వలేదు. బాబాయ్ ఏం తయారుచేసినా కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగి వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక చీటీ రాసి దాని మీద అంటించి పోతాడు. బయటి పొగని వంటింట్లోకి లాక్కొచ్చిన ఫ్యానుకి "పరీక్షించితిని. లోపాలు: అయిదు." ఎవరూ నొక్కకుండానే మోగిన కాలింగ్ బెల్లుకి "లోపాలు: తొమ్మిది." ఆ చీటీలన్నీ బాబాయ్ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు. ఎప్పటికైనా ఆ చేత్తోనే "లోపాలు: లేవు" అని రాయించుకోవాలి. ఆయన కోరిక అదొక్కటే.

ఈసారి పిన్ని కూడా ఒక మెలిక పెట్టింది. ఆవిడ కుట్టుమిషను ఆరేళ్లుగా నడవలో ఉంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆవిడ మోచేతిని తగులుకుంటూ పోతారు. బాబాయ్ సామాన్లకి మాత్రం ఒక స్టోర్ రూమ్, దానికో తాళం.

"అన్నయ్యగారు ఒక్క లోపం రాసినా ఆ రూము నాది. తాళం ఇప్పుడే ఇస్తారా, రేపిస్తారా?" అంది కాఫీ ఇస్తూ.

"రేపు నువ్వే దాని ముందు నిలబడి సెల్యూట్ కొడతావు, చూస్తూ ఉండు," అన్నాడు బాబాయ్.

తక్కువ ఖర్చులో కావాలి కాబట్టి బాబాయ్ నెల రోజులు తిరిగాడు. మూసేసిన సోడా దుకాణం నుంచి, బీరుని పైపులోకి తోయడానికి చిన్న గ్యాసు సిలిండరు తెచ్చి, పరీక్ష చేయించి నింపించాడు. కుళాయి ఒక హోటలు ఖాళీ చేస్తుంటే దొరికింది. పైపు వాటర్ ఫిల్టరుకి వేసే కొత్త పైపు. ముప్పై గ్లాసుల బీరు పీపా చెప్పి ఉంచాడు. ఫ్రిజ్ దగ్గరైతే ఆ సెకండ్‌హ్యాండ్ వ్యాపారితో రెండు గంటలు బేరమాడాడు. చివరికి ఆ వ్యాపారి దణ్ణం పెట్టి, "బాబూ, మీరు తీసుకెళ్లిపోండి, నాకు ఇంకో బేరం చూసుకోవాలి," అన్నాడట. ఆ మాట బాబాయ్ ప్రెస్సులో పదకొండు మందికి చెప్పాడు.

పదింటికి గేటు ముందు ట్రాలీ ఆగింది. "ఫ్రిజ్ అండీ!" అని కేక. బాబాయ్ ఎదురెళ్లాడు. ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టె దించి హాల్లో పెట్టారు. కళ్లజోడు స్టోర్ రూములో ఉంది కాబట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాడు. వాళ్లు ఫొటో కావాలంటే జుట్టు సవరించుకుని పెట్టె మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"అట్టపెట్టెలో పంపించాడేమిటండీ?" అంది పిన్ని.

"అదే మరి బేరమంటే! గట్టిగా ఆడితే ఎదుటివాడికి గౌరవం పుడుతుంది. ప్యాక్ చేసి మరీ పంపుతాడు."

పెట్టె విప్పితే ముదురు నీలం రంగు ఫ్రిజ్, అద్దంలా మెరుస్తోంది. పిన్ని వేలితో తలుపు రుద్దింది. "ఏవండీ, దీనికి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు."

"చూశావా, ముందు వాడినవాళ్లు ఎంత జాగ్రత్తపరులో! కవరు కూడా చిరగకుండా వాడుకున్నారు. మనింట్లో ఉంటే వారానికి ఊడొచ్చేది."

పిన్ని ఇంకేదో అనబోయింది. ఈలోపు డ్రిల్లు మోగింది.

చిల్లు పెట్టడంలో మాత్రం బాబాయ్‌కి వంక పెట్టలేం. ఫ్రిజ్ పక్కగోడల్లో గ్యాసు గొట్టాలుంటాయి, అక్కడ పొడిస్తే ఫ్రిజ్ ప్రాణం పోతుంది. తలుపులో ఏమీ ఉండవు. అందుకని తలుపుకే, కొలిచి, పెన్సిలుతో గుండ్రం గీసి, టేపు అంటించి, నెమ్మదిగా చిల్లు పెట్టాడు. అంచులు వెన్న కోసినట్టు వచ్చాయి. ఇల్లంతా గుయ్‌మంటుంటే రెండో ట్రాలీ వచ్చి గేటు ముందు ఆగింది.

"ఫ్రిజ్ అండీ!"

గుమ్మంలో ఉన్నది పిన్ని. "మాది ఎప్పుడో వచ్చేసిందయ్యా. పై వాటాలో మా వదినగారు కూడా ఫ్రిజ్ కావాలంటోంది చాలా రోజుల్నించీ, వాళ్లదై ఉంటుంది. మెట్లు ఇటు," అని దారి కూడా చూపించింది.

ఇప్పుడు పై వాటా సంగతి చెప్పాలి. అక్కగారు ఏడాదిగా కొత్త ఫ్రిజ్ అడుగుతోంది. బావగారు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మంచిది ఒకటి కొన్నాడు. భార్య సంతోషపడుతుంటే ఎదురుగా నిలబడడం ఆయనకి సిగ్గు. అందుకని "ఇవాళ నీకోసం ఒకటి వస్తుంది, విప్పి చూసుకో," అని చెప్పి చదరంగం ఆడుకోవడానికి స్నేహితుడింటికి పోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి, తల దువ్వుకుని మరీ లోపలికి అడుగుపెట్టాడు.

"ఎలా ఉంది?"

"మన కాపురంలాగే ఉంది," అంది అక్కగారు.

హాలు మధ్యలో తుప్పు పట్టిన ఫ్రిజ్. తలుపు మూతపడక తాడుతో కట్టారు. పక్కన ఎవరి పిల్లలో అంటించిన సగం చిరిగిన ఏనుగు బొమ్మ.

"ఇది కాదే! నేను కొన్నది ఇది కాదు!"

"చాల్లెండి. దానికి తాడు కూడా మీరే కట్టించారేమో." ఆ తర్వాత ఆవిడ నోరు విప్పలేదు.

బావగారు దుకాణానికి ఫోన్ చేస్తే అప్పటికే మూసేశారు. పొద్దున లేస్తూనే మళ్లీ చేసి, "కొత్తదానికి డబ్బు తీసుకుని తుక్కు పంపిస్తారా?" అని ఉతికేశాడు. కనుక్కుని చెప్తామన్నారు. కింద బావమరిదికి మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు. ముప్పై రెండేళ్లు ఊళ్లోవాళ్ల లోపాలు పట్టిన మనిషిని ఒక ఫ్రిజ్ దుకాణంవాడు మోసం చేశాడంటే ఇంకేమైనా ఉందా? అక్కగారూ చెప్పలేదు. మొగుడు తాడు కట్టిన ఫ్రిజ్ కొనిచ్చాడని తమ్ముడితో ఎలా అంటుంది?

కింద వాటాలో శనివారం సాయంత్రం వేరే యుద్ధం జరిగింది. మొదటి గ్లాసు పడితే అంతా నురగే. రెండోదీ నురగే. "సబ్బు నీళ్లలా ఉంది, గిన్నెలు వేయనా?" అంది పిన్ని. బాబాయ్ తల గోక్కున్నాడు. కుళాయికి రెండడుగుల పైపే వేశాడు, బీరు ఒక్క ఉరుకున వచ్చి పడుతోంది. పదడుగుల పైపుని చుట్ట చుట్టి లోపల పెట్టి, గ్యాసు కాస్త తగ్గించాడు. మళ్లీ లాగాడు. బంగారం రంగు బీరు, పైన రెండు వేళ్ల నురగ. పిన్ని ముందుకొచ్చింది. గ్లాసు తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం అక్కగారు ముందు దిగింది. వెనకాల నాలుగు మెట్లు ఎడంగా బావగారు. ఫ్రిజ్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బాబాయ్ దాన్ని ఆశ్చర్యం అనుకున్నాడు.

"ఏంటి బావా, నోట మాట రావట్లేదా?"

"ఇది... ఎక్కడిది?"

"సెకండ్‌హ్యాండే బావా. కొత్తదాని ధరలో ఆరోవంతుకి లాగాను. అమ్మినవాడు ఏడ్చినంత పని చేశాడు."

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. తాను అంత డబ్బు పోసి తుప్పు కొన్నాడు, ఈ సెట్టింగ్ వెధవకి అదే రంగు, అదే మోడలు ఆరోవంతుకి! అయినా పళ్లు బిగబట్టి పనిలోకి దిగాడు. బిగింపుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూశాడు. రాలేదు. గ్యాసు ఒత్తిడి చూపించే ముల్లు చూశాడు. చిల్లు అంచు చుట్టూ గోరు తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. చివరికి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. ఆ తర్వాత గ్లాసు దింపితే అడుగున ఏమీ లేదు.

జేబులోంచి చీటీ తీశాడు. "పరీక్షించితిని. ఒత్తిడి సరిగా ఉన్నది. లీకు లేదు. రుచి బాగున్నది." బాబాయ్ ఆయన భుజం మీద నుంచి తొంగిచూస్తున్నాడు. పిన్ని తాళంచెవి వైపు చూస్తోంది. "లోపాలు:" అని రాసి, బావగారు పెన్ను పైకెత్తి ఫ్రిజ్‌ని కింద నుంచి మీద దాకా చూశాడు. ఏమీ దొరకలేదు. ఆయన మొహంలో అలాంటి కష్టం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే బావగారి ఫోన్ మోగింది. దుకాణంవాళ్లు.

"సార్, మీ ఫ్రిజ్ నిన్న పదింటికే ఇచ్చేశాం. తీసుకున్నాయన సంతకం ఉంది, ఫొటో కూడా ఉంది. పంపించాం, చూసుకోండి."

బావగారు ఫొటో తెరిచాడు. వేటాడిన పులి పక్కన నిలబడ్డట్టు, అట్టపెట్టె మీద చెయ్యేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న బావమరిది. బావగారు ఫొటో చూశాడు, ఫ్రిజ్ చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. ఫోను బాబాయ్ మొహం ముందు పెట్టాడు.

"అంటే... ఆ వ్యాపారి... నా బేరం..." బాబాయ్ కుర్చీ కోసం వెతుక్కున్నాడు. పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆ తాడు కట్టినదాన్ని పైకి పంపింది నేనే!"

అందరికన్నా ముందు తేరుకున్నది అక్కగారు. నిన్నటి నుంచి మూసుకున్న నోరు మొగుడి వైపు తిరిగింది. "అయితే మీరు నాకు నిజంగానే కొత్తది కొన్నారా?"

"కొన్నాను. నీ తమ్ముడు చిల్లు పెట్టాడు."

"బావా, తలుపు మార్పించేస్తాను. రేపే," అన్నాడు బాబాయ్.

"ఎవర్రా మార్చేది?" అక్కగారు గయ్యిమంది. "కొత్త ఫ్రిజ్ ఏ దుకాణానికెళ్లినా ఇస్తారు. తలుపుకి కుళాయి ఉన్నది ఎవరిస్తారు? నా తమ్ముడు తప్ప! ఇది ఉన్నదున్నట్టు పైకి రావాలి. ఏమంటారు?"

బావగారు కుళాయి వైపు చూశాడు. ఖాళీ గ్లాసు బాబాయ్ ముందుకి చాచాడు. "ఆ తలుపు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ముందు ఇంకోటి పట్టు."

రెండో గ్లాసు అయ్యాక, మిగిలిన ఒక్క లైను రాసి చీటీ పూర్తి చేశాడు. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. "లోపాలు: ఒకటి. ఫ్రిజ్ నాది."

"ఒకటి!" పిన్ని చెయ్యి చాచింది. "తాళం."

బాబాయ్ ఇచ్చేశాడు. పిన్ని తాళంచెవి కొంగున ముడేసుకుని ఫ్రిజ్ వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. "సగం రూము చాల్లెండి నాకు. అంత మంచి నురగ తెప్పించిన మనిషిని నడవలో కూర్చోబెట్టలేను."

సాయంత్రం నలుగురు మనుషులొచ్చి నీలం ఫ్రిజ్‌ని పైకి మోశారు. తుప్పు ఫ్రిజ్ కిందకి దిగి, నడవలో కుట్టుమిషను ఖాళీ చేసిన చోట తాడుతో సహా నిలబడింది. ఇప్పుడు ఎవరొచ్చినా బావగారు ముందు కుళాయి చూపించి, "మా బావమరిది చేశాడు, ఎక్కడైనా లీకుందేమో చూసుకోండి," అంటాడు. కింద స్టోర్ రూములో, కుట్టుమిషను పైన గోడకి, ఆ చీటీ ఫ్రేము కట్టించి ఉంది. "రుచి బాగున్నది" దాకా అందరూ చదవొచ్చు. ఆ కింది లైను మాత్రం బాబాయ్ లోపలికి మడిచి సెట్టింగ్ చేశాడు.