అమ్మిరాజుగారి బంతి విద్య

ముమ్మిడివరంలో వరి కోతలు ఏడాదికి రెండుసార్లే. అమ్మిరాజుగారి కోతలకు మాత్రం సార్వా లేదు, దాళ్వా లేదు.

వాటిలోకెల్లా పెద్దది బాస్కెట్‌బాల్ కోత. అమలాపురం కాలేజీలో తాను టీముకు కెప్టెననీ, బంతిని వేలిమీద పెట్టి తిప్పుతుంటే చూడ్డానికి రోడ్డుమీద బస్సులు ఆగిపోయేవనీ పెళ్ళిచూపుల్లోనే చెప్పారాయన. భార్య ఉమామహేశ్వరి ఇరవై ఎనిమిదేళ్ళుగా "ఆయ్" అంటూ వింటోంది.

ఓ రోజు పాత స్నేహితుడు సాయిదుర్గాప్రసాద్ ఫోన్ చేశాడు. "వచ్చేనెల మన కాలేజీ వాళ్ళమంతా కలుస్తున్నాంరా. కుటుంబాలతో రావాలి. గ్రౌండులో సరదాగా ఆటలు కూడా పెట్టాం."

పక్కనే కొబ్బరి కోరుతున్న ఉమామహేశ్వరి మొహం వెలిగిపోయింది. "బాగుందండీ! ఇన్నాళ్ళకి మీ బంతి విద్య కళ్ళారా చూస్తానన్నమాట."

అమ్మిరాజుగారు ఫోన్ పెట్టేసి క్యాలెండరులో రోజులు లెక్కపెట్టారు.

నిజానికి కాలేజీ రోజుల్లో ఆయన ఆడిందే లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి కోర్టు పక్కన గట్టుమీద కూర్చుని, ఆడేవాళ్ళ వాచీలకు కాపలా కాసేవారు. కాన్వాసు బూట్ల కీచుకీచు, చెమట వాసన, ఆటయ్యాక వంతులేసుకుని తాగిన గోలీసోడా... కెప్టెన్ వేలిమీద బంతి తిరుగుతుంటే లోకమంతా దాంతో తిరుగుతున్నట్టుండేది. ఒక్కసారి ఇమ్మని అడగాలనుండేది. మూడేళ్ళూ నోరు రాలేదు.

ఇప్పుడైనా నేర్చేసుకుందామని రహస్యంగా ఓ బంతి కొని, తన కొబ్బరికాయల దుకాణంలో రాశి మధ్య దాచారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు సంచీలో తెచ్చుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ మేడమీద సాధన మొదలెట్టారు. అరచేత్తో కాదు, వేళ్ళ కొసలతో కొట్టాలన్నాడు వీడియోలో కుర్రాడు. ఎలా కొట్టినా బంతి పిట్టగోడ వైపే పోయింది.

"మేడమీద ఆ చప్పుళ్ళేంటండీ?" కింద నుంచి ఉమామహేశ్వరి కేకేసింది.

"కొబ్బరికాయలు పడుతున్నాయే!"

"మేడమీద చెట్టెప్పుడు మొలిచిందండీ?"

మర్నాడు బంతిని కాళ్ళ మధ్య నుంచి పోనిచ్చే విద్య. పోవడం పోయింది గానీ, ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదుగా ఊరేగింది.

"వడియాలన్నీ అప్పడాలయ్యాయేంటండీ?"

"వెధవ కాకులు!"

"కాకులు రోడ్డు రోలరేసుకుని వచ్చేయాండీ?"

మూడోవారం నడుం వెనక నుంచి తిప్పబోతే బంతి తిరగలేదు, నడుం తిరిగింది. ఉమామహేశ్వరి తైలం రాస్తూ, "బస్తా ఎత్తేరా?" అనడిగింది.

"ఆయ్."

"ఈసారి ఎగరని బస్తా చూసి ఎత్తండి."

సమావేశం ఎనిమిది రోజులుందనగా, బంతి ఆయన వేలిమీద ఒక చుట్టు తిరిగింది. నిండుగా ఒక్క చుట్టు! ఆ పరవశంలో అమ్మిరాజుగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి బంతి పిట్టగోడ దూకేసింది. కింద పెరట్లో ఉమామహేశ్వరి గిన్నెలు తోముతోంది.

"ఉమా! తల కాచుకో!"

ఆవిడ తలెత్తి ఒంటిచేత్తో బంతిని అందుకుంది. కుచ్చిళ్ళు ఎగదోపి చప్టా మీద రెండుసార్లు కొట్టి చూసింది. అంతే, బంతి ఆవిడ నడుం వెనక నుంచి చుట్టి వచ్చింది, ఎడమచేతి నుంచి కుడిచేతికి మారింది, చివరికి చూపుడువేలెక్కి కుమ్మరి సారెలా గిర్రున తిరిగింది.

అమ్మిరాజుగారు నడుం నొప్పి మరిచి మెట్లు దిగారు. "నీకిది... ఎలా వచ్చిందే?"

"రాజోలు హైస్కూల్లో ఆడపిల్లల టీమండీ. జిల్లా పోటీలదాకా ఆడేం. నా స్నేహితురాలు అచ్చమ్మా నేనూ ఒకే సైకిలు మీద వెళ్ళేవాళ్ళం. టెన్త్ పరీక్షల ముందు గేమ్స్ మాస్టారు బంతులన్నీ బీరువాలో పెట్టి తాళమేసేరు. మళ్ళీ ఇదేనండీ పట్టుకోవడం."

మాట్లాడుతూనే బంతిని చెంపకు ఆనించుకుంది. కొత్త రబ్బరు వాసన కాబోలు, ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"పెళ్ళిచూపుల్లో చెప్పబోతే మా అమ్మ తొడపాశం పెట్టిందండీ. అబ్బాయి సరదాపడి చెప్పుకుంటున్నాడు, నువ్వు మధ్యలో మాట్లాడకూ అని."

"అయితే నన్ను నమ్మేవన్నమాట?" ఆశగా అడిగారు.

"ఒక్క ఆటలో ఇరవై గోల్సు కొట్టేనన్నారు కదండీ. బాస్కెట్‌బాల్లో గోల్సేంటండీ? ఆ పూటే తెలిసిపోయింది."

అమ్మిరాజుగారు మెట్టుమీద కూలబడి వాచీల కాపలా సంగతంతా చెప్పేశారు. నవ్వుతుందనుకున్నారు. ఆవిడ నవ్వలేదు. బంతి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "లేవండి. ముందు మోకాళ్ళు వంచండి."

ఎనిమిది రోజుల్లో ఆయనకు వంచడం వచ్చింది. వంచింది ఎత్తడం రాలేదు.

కాలేజీలో అందరి ముందూ సాయిదుర్గాప్రసాద్ బంతి విసిరాడు. "అమ్మిరాజూ, నువ్వేనాడూ ముట్టుకోలేదు కదరా. ఇవాళైనా ఆడు!"

అందరూ గొల్లుమన్నారు. అమ్మిరాజుగారు బంతిని ఓసారి నిమిరి భార్యకందించారు. "మా ఇంట్లో ఆడేది మీ చెల్లెమ్మరా."

బండార్లంక చీర కొంగు నడుముకు చుట్టి ఆవిడ కోర్టులోకి దిగింది. వేలిమీద బంతి తిరుగుతున్నంతసేపూ తెల్లజుట్టు పెద్దమనుషులంతా పదో తరగతి పిల్లల్లా నోళ్ళు తెరిచారు. అమ్మిరాజుగారు అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక ఆవిడ స్కూటరు దగ్గర ఆగింది. "రాజోలులో మా కోర్టు ఇంకా ఉందో లేదో ఓసారి చూసొద్దామాండీ?"

"ఇప్పుడా? నా నడుం..."

"దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టండి," అంటూ తాళంచెవి తీసేసుకుంది.

అమ్మిరాజుగారు ఇంటి నుంచి తెచ్చిన బంతి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా వెనకెక్కారు. స్కూటరు రాజోలు రోడ్డు పట్టింది.