ఆరో తరగతి గుండె

నాగరికత ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే రాకెట్ల దాకా పోనక్కర్లేదు. సస్కాచెవాన్‌లో మా హేజెల్‌బ్రే ఊరి ఆస్పత్రికి వస్తే చాలు. తన జబ్బేమిటో ఆరో తరగతి పిల్లలకు అర్థమయ్యే మాటల్లో తిరిగి చెప్పగలిగిన రోగినే ఇక్కడ ఇంటికి పంపుతారు. చెప్పలేనివాడు, జబ్బు నయమైనా సరే, మంచం మీదే ఉంటాడు. (నయం కాకపోయినా చక్కగా చెప్పినవాడు వెళ్ళిపోవచ్చు. అలా ఇద్దరు వెళ్ళారు.)

ఇందుకోసం సుబోధ అధికారిణి అని ఒక ఉద్యోగం సృష్టించారు. ఆవిడ పేరు మార్లీస్ ఫంక్. చక్రాల బల్ల మీద ఒక పెట్టెను తోసుకుంటూ వస్తుంది. మనం మాట్లాడితే ఆ పెట్టె విని, మన మాట ఏ తరగతిదో అంకె చూపిస్తుంది. ఆరు దాటితే ఎర్రదీపం, లేకుంటే పచ్చదీపం. నాది న్యుమోనియా. మాట మొదలుపెడితే ఆపనని నా పరీక్షను నెలాఖరుకు వాయిదా వేశారు.

పక్క మంచం ఓరెస్ట్ ప్రొకోపిచ్‌ది. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తెచ్చారు. గుండె సంగతి అలా ఉంచి, పాపం, ఆయన కొంప ముంచింది చదువు. నలభై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేశాడు. మార్చి నెల, ఇంటి దగ్గర ముప్ఫై ఆవులు ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. తుంటి విరిగి అతికిన భార్య స్టెఫ్కా ఒక్కతే మంచులో పాకకీ ఇంటికీ తిరుగుతోంది. ఇల్లు చేరడం తప్ప ఆయనకు వేరే ధ్యాస లేదు.

సోమవారం ఆయన తన ఎడమ జఠరిక సంకోచ సామర్థ్యం గురించి శాస్త్రోక్తంగా వివరించాడు. పెట్టె పద్దెనిమిది చూపి ఎర్రబడింది. మంగళవారం జాగ్రత్తపడి మూత్రవర్ధకం అన్నాడు. పదకొండు. నీళ్ళ బిళ్ళ అనాలని మార్లీస్ కసిరింది. ఎదుటి మంచం మీది బైరన్ మాత్రం, ట్రాక్టర్లమ్ముకునేవాడు, కడుపులో రాయి, తీశారు అన్నాడంతే. రెండో తరగతి! పది నిమిషాల్లో బూట్లేసుకుని వెళ్ళిపోయాడు. రాయి ఎక్కణ్ణుంచి తీశారో వాడికి ఇప్పటికీ తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బుధవారం ఓరెస్ట్ చదువుకోవడానికి కరపత్రం ఇచ్చారు. అందులో గుండె పంపు అయింది, మూత్రపిండం జల్లెడ అయింది. సులభంగా ఉంటుందని మందు పేరు తీసేసి ‘తెల్ల బిళ్ళ’ అని వేశారు. ఆయన వేసుకునే ఆరు బిళ్ళలూ తెల్లవే. ఆ మాట అంటే, అది వివరాల విభాగం చూసుకుంటుందని, తమది సులభ విభాగమని మార్లీస్ తేల్చేసింది.

గురువారం మార్లీస్ పెట్టె తోసుకుని రాగానే ఇక నేను ఉండబట్టలేకపోయాను.

"ఏమయ్యా ఓరెస్ట్, ఆవును తోలుకొచ్చిన రైతుకి ఎలా చెప్పేవాడివి? అలా చెప్పి చావు" అన్నాను.

ఆయన పెట్టె వైపు తిరిగాడు. "ముసలి ఆవు. గుండె అలిసింది. ఒంట్లో నీరు చేరింది. బిళ్ళ వేస్తే పోతుంది. ఉప్పు పెట్టొద్దు. రోజూ బరువు చూడు."

పెట్టె మూడు చూపి పచ్చగా వెలిగింది. ఫారంలో ఆవుకు గడి లేదని మార్లీస్ నసిగింది. చివరికి పైవాళ్ళను సంప్రదించి ‘రోగి: ఆవు (తాత్కాలికం)’ అని రాసుకుంది.

శుక్రవారం తీసుకెళ్ళడానికి స్టెఫ్కా వచ్చింది. పంపేముందు ఇంటివాళ్ళు డాక్టర్ను ఒక ప్రశ్న అడగాలి, అదీ ఆరో తరగతి లోపే. ఆవిడ డాక్టర్ అబెర్నేతి మొహంలోకి సూటిగా చూసింది.

"వచ్చే ఏడాది ఆవులు ఈనేనాటికి ఈయన ఉంటాడా?"

రెండు. మార్లీస్ మెచ్చుకుంది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. సహవ్యాధుల నేపథ్యంలో, ఈ స్థితి యొక్క బహుకారక స్వభావాన్ని దృష్టిలో ఉంచుకుని, దీర్ఘకాలిక ఫలితాంశాలపై పరిమిత ఆశావహ అంచనా మాత్రమే సాధ్యమని సెలవిచ్చాడు. ఏ దీపమూ వెలగలేదు. (వైద్యుల మాటలను కొలవరాదని తొమ్మిదో నిబంధన. ఆయన నోరు విప్పగానే మార్లీస్ మీట నొక్కి పెట్టెను ఆపేస్తుంది, మూయగానే మళ్ళీ వేస్తుంది.)

స్టెఫ్కాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మొగుడి వైపు తిరిగింది.

"ఏమంటాడు?"

ఓరెస్ట్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. "ఉండనట" అన్నాడు.

పెట్టె ఒకటి చూపించింది. ఈ ఆస్పత్రిలో ఇంతవరకు ఎవరికీ అంత మంచి మార్కు రాలేదని చెప్పి, మార్లీస్ ఆయనకు అభినందన పత్రం ఇచ్చింది.